మోసపోయి ఇచ్చిన మాటకు ఎంతవరకు కట్టుబడాలి?

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒకబ్బాయిని ఊహించుకోండి. హాస్టల్లో పరిచయమైన సీనియర్ వచ్చి, "తమ్ముడూ, మా ఆన్‌లైన్ వ్యాపారానికి కరెంట్ అకౌంట్ రావడానికి మూడు నెలలు పట్టేలా ఉంది. అప్పటిదాకా కస్టమర్ల డబ్బు నీ అకౌంట్లో వేయించుకుంటాం. నెలకు పదివేలు ఇస్తాం. మధ్యలో మాట మార్చొద్దు, సరేనా?" అన్నాడు. అబ్బాయి సరేనన్నాడు. ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేశాడు. మొదటి నెల పదివేలు వచ్చాయి. అమ్మకు చీర కొన్నాడు.

ఆరో వారంలో బ్యాంకు నుంచి ఫోన్. "మీ ఖాతాలో పడిన డబ్బు మీద ఎవరో సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టారు." కాళ్లు వణికాయి. సీనియర్‌ని అడిగితే వచ్చిన జవాబు ఇది: "మూడు నెలలని మాటిచ్చావు. సగం అయిపోయింది, ఇంకో నెలన్నర. మగాడివి, మాట మీద నిలబడు."

ఆ రాత్రి అబ్బాయికి నిద్ర పట్టలేదు. పోలీసుల భయం ఒకవైపు. ఎవరికీ చెప్పుకోలేని బాధ ఇంకోవైపు: "నేను మాట ఇచ్చాను కదా!"

మీకూ ఇలాంటి రాత్రి వచ్చిందా? అకౌంట్ కాకపోవచ్చు. సాక్షి సంతకం కావచ్చు, చైన్ సిస్టంలో చేర్పించిన బంధువులు కావచ్చు, ఆఫీసులో రాయమన్న దొంగ బిల్లు కావచ్చు. అబద్ధం చెప్పి మిమ్మల్ని తప్పులోకి దించారు. దిగాక, "మాట ఇచ్చావు కదా" అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

ముందుగా ఒక్కటి చెప్పనివ్వండి. మాట అంటే లెక్కలేని మనిషికి ఈ బాధే ఉండదు. మోసం చేసేవాళ్లు వెతుక్కునేది మీలాంటి వాళ్లనే, మాట కోసం నష్టమైనా భరించే వాళ్లని. మీలోని ఆ గుణాన్ని వదులుకోమని ఈ అధ్యాయంలో ఎక్కడా చెప్పను. దాన్ని ఎవరి కోసం ఖర్చు పెట్టాలన్నదే మన ప్రశ్న.

ఆవు ఇచ్చిన మాట, శల్యుడు ఇచ్చిన మాట

చిన్నప్పుడు మనందరం ఆవు–పులి కథ విన్నాం. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఉన్న కథ అది. బిడ్డకు పాలిచ్చి తిరిగొస్తానని ఆవు పులికి మాటిచ్చింది, అన్నట్టే తిరిగొచ్చింది. పులి మనసు కరిగింది. ఈ కథ విని పెరిగిన మనకు ఏ మాట తప్పినా పాపమే అనిపిస్తుంది.

కానీ ఆ కథను ఇంకోసారి చూడండి. పులి ఆవుకు అబద్ధం చెప్పిందా? లేదు. ఆవుకు మొదటి నుంచీ అంతా తెలుసు. తిరిగి వెళ్తే పోయేది ఎవరి ప్రాణం? తనదే. ఇంకొకరి గొంతు కోసి నిలబెట్టుకున్న మాట కాదది.

ఇప్పుడు మహాభారతంలో శల్యుణ్ణి చూడండి. మద్రరాజు, నకుల సహదేవులకు మేనమామ. ఉద్యోగపర్వంలో పాండవుల పక్షాన నిలబడదామని సైన్యంతో బయల్దేరాడు. దారి పొడవునా విడిదులు, విందులు, మర్యాదలు. ఇదంతా ధర్మరాజు ఏర్పాటే అనుకున్నాడు. మురిసిపోయి, ఈ ఏర్పాట్లు చేసినవారికి బహుమానం ఇస్తానన్నాడు. తీరా ఎదుటికి వచ్చింది దుర్యోధనుడు. "నా సైన్యంలో చేరు" అని అడిగాడు. శల్యుడు ఒప్పేసుకున్నాడు.

తర్వాత ధర్మరాజు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. కర్ణుడికి సారథ్యం చేసే రోజు వస్తే అతని ఉత్సాహం తగ్గించమని ధర్మరాజు కోరాడు. శల్యుడు దానికీ ఒప్పుకున్నాడు. అంటే దుర్యోధనుడికిచ్చిన మాట కోసం మేనల్లుళ్ల మీద యుద్ధం చేశాడు, ధర్మరాజుకిచ్చిన మాట కోసం తను కూర్చున్న రథం మీది యోధుణ్ణే మాటలతో పొడిచాడు. చివరికి పద్దెనిమిదో రోజు సేనాపతిగా నిలబడి, ధర్మరాజు చేతిలోనే చనిపోయాడు. రెండు మాటలూ నిలిచాయి. అతనికి మాత్రం నిలబడటానికి చోటు మిగల్లేదు.

ఆ విడిదిలో శల్యుడు ఏమని ఉండాల్సింది? నాకు తోచినది ఇది: "ధర్మరాజు మర్యాద అనుకుని బహుమానం ఇస్తానన్నాను. నువ్వని తెలిస్తే అనేవాణ్ణి కాదు. నీ విందుకు ఖరీదు కట్టి ఇచ్చేస్తాను. నా కత్తి మాత్రం ఇవ్వలేను."

ఈ అధ్యాయం మొత్తం ఆ నాలుగు ముక్కల్లో ఉంది. మిగిలిందంతా వాటిని ఎలా పలకాలో నేర్చుకోవడమే.

ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

కాగితం మీద రాసి జవాబు చెప్పుకోండి. మనసులో అనుకుంటే మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

1. నిజం ముందే తెలిస్తే ఈ మాట ఇచ్చేవాణ్ణా? "ఇచ్చేవాణ్ణే, కానీ ఇప్పుడు నష్టం వస్తోంది" అన్నది జవాబైతే అది మోసం కాదు, గిట్టుబాటు కాని బేరం. ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే. పొలం అమ్ముతానని బయానా తీసుకున్నాక ధర పెరిగిందని వెనక్కి తగ్గితే అది మాట తప్పడమే. "నిజం తెలిస్తే గుమ్మం కూడా తొక్కేవాణ్ణి కాదు" అన్నది జవాబైతే రెండో ప్రశ్నకు వెళ్లండి.

2. ఈ మాట నిలబెడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? మీ జేబుకా? లేక ఏ పాపమూ ఎరగని మూడో మనిషికా? మన మాటకు మూల్యం మనం కట్టవచ్చు. ఇంకొకరి చేత కట్టించే హక్కు మనకు లేదు.

3. నాకు నిజం ఎప్పుడు తెలిసింది? తేదీ రాయండి. ఆ తేదీకి ముందు మీరు మోసపోయిన మనిషి. ఆ తర్వాత చేసిన ప్రతి పనీ తెలిసి చేసిందే. చట్టమూ ఆ గీతనే చూస్తుంది, మనస్సాక్షీ ఆ గీతనే చూస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మన దేశపు కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మోసం చేసి ఒప్పించిన ఒప్పందాన్ని మోసపోయిన మనిషి కావాలంటే రద్దు చేసుకోవచ్చని అందులో ఉంది. అసలు పనే చట్టవిరుద్ధమైతే ఆ ఒప్పందం చెల్లనే చెల్లదు. నిజం తెలిశాక కూడా ఏమీ తెలియనట్టు కొనసాగితే, రద్దు చేసుకునే ఆ హక్కును మీరే వదులుకున్నట్టు అవుతుంది. అందుకే ఆలస్యం పనికిరాదు.

ఏడు అడుగులు

1. ఆపండి. ఈ రోజే.
కొత్త సంతకం వద్దు, కొత్త లావాదేవీ వద్దు, కొత్త మనిషిని చేర్పించడం వద్దు. "ఈ ఒక్క ట్రాన్స్‌ఫర్ చేసేసి మానేస్తాను" అనిపిస్తుంది. ఆ ఒక్కటే రేపు మీ మెడకు చుట్టుకుంటుంది, ఎందుకంటే అది తెలిసి చేసింది.

2. రాయండి, దాచండి.
ఎవరు పరిచయం చేశారు, ఏం చెప్పారు, ఎంత ఇచ్చారు, నిజం ఎప్పుడు ఎలా తెలిసింది, అన్నీ వరసగా తేదీలతో రాయండి. వాట్సాప్ చాటింగ్, కాల్ రికార్డులు, రసీదులు భద్రపరచండి. భయంతో చాలామంది మొదట చేసే పని చాటింగ్ చెరిపేయడం. మీరు మోసపోయారని చెప్పే సాక్ష్యం అదే! దాన్ని చెరిపేస్తే మిగిలేది మీ సంతకం ఒక్కటే.

3. మీ తాళాలు మీరు వెనక్కి తీసుకోండి.
అకౌంట్ ఇచ్చి ఉంటే మీ బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా చెప్పి, లావాదేవీలు ఆపించండి. కార్డు బ్లాక్ చేయించండి. సిమ్ ఇచ్చి ఉంటే దాన్నీ ఆపించండి. మీ పేరు మీద ఇంకెన్ని కనెక్షన్లు ఉన్నాయో ప్రభుత్వ 'సంచార్ సాథీ' పోర్టల్లో చూసుకోవచ్చు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే వాటి నంబర్లు బ్యాంకుకు ఇచ్చి చెల్లింపు ఆపమని కోరండి. ఆ తర్వాత చెక్ బౌన్స్ నోటీసు వస్తే మాత్రం మూలన పడేయకండి. నోటీసు అందినప్పటి నుంచి 15 రోజుల గడువు నడుస్తుంది. ఆ లోపే లాయర్ ద్వారా జవాబు వెళ్లాలి.

4. చెప్పాల్సిన చోట చెప్పండి.
డబ్బు, పోలీసు వ్యవహారం ముడిపడి ఉంటే ఎదుటివాడికి చెప్పడం కన్నా ముందు లాయర్‌తో మాట్లాడండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఆన్‌లైన్ మోసమైతే 1930 హెల్ప్‌లైన్ ఉంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చాక చెప్పే నిజానికీ, మీరే వెళ్లి చెప్పే నిజానికీ విలువలో తేడా ఉంటుంది.

విదేశంలో చిక్కుకున్నవారికి ఇది ఇంకా ముఖ్యం. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ వాళ్ల చేతే సైబర్ మోసాలు చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. అలాంటి చోట "బాండ్ మీద సంతకం పెట్టావు" అని బెదిరిస్తారు. మనుషుల్ని నిర్బంధించి నేరం చేయించే బాండ్‌కు కాగితం ఖరీదు కూడా లేదు. అక్కడ మొదటి పని వాదన కాదు, ప్రాణం కాపాడుకోవడం. ఇంటివాళ్లకు మీరున్న చోటు తెలియజేయండి, భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి.

5. ఒక్క మాటలో తెంచండి.
లాయర్ సరేనన్నాక ఎదుటివాడికి చెప్పండి. పొడుగు సంజాయిషీ వద్దు. తిట్లు వద్దు. మెసేజ్‌గా పంపితే రుజువు ఉంటుంది. ఇలా రాయవచ్చు:

"అన్నా, నాకు చెప్పిన పని వేరు, జరుగుతున్న పని వేరు. ఆ మాట విని ఒప్పుకున్నాను కాబట్టి ఈ రోజు నుంచి నా ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇకపై నా పేరు, నా ఖాతా, నా సంతకం వాడొద్దు."

బతిమాలతారు. "నిన్ను తమ్ముడిలా చూసుకున్నా" అంటారు. తర్వాత బెదిరిస్తారు. మీరు అదే మాట మళ్లీ చెప్పండి. కొత్త కారణం చెప్పిన ప్రతిసారీ కొత్త వాదన మొదలవుతుంది.

6. విందు ఖరీదు కట్టేయండి.
మీకు దాని వల్ల ఏం ముట్టింది? కమీషనా, జీతమా, బహుమతా? లెక్క కట్టండి. మామూలు ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే దాని వల్ల పొందినది ఎదుటివాడికే తిరిగి ఇవ్వాలి. కానీ నేరపు డబ్బయితే అది మోసగాడిది కాదు, ఎవరి దగ్గరో దోచినది. అతను చెప్పిన ఖాతాకు మీరు తిరిగి పంపితే ఇంకో నేరానికి చేయూతనిచ్చినట్టే. ఆ మొత్తాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, బ్యాంకుకూ పోలీసులకూ చెప్పండి. ఖర్చయిపోయిందా? అప్పు చేసినా సరే, సమకూర్చే ప్రయత్నం మొదలుపెట్టండి. అమ్మ చీర అమ్మకే ఉండనివ్వండి. ఆ పదివేలు మాత్రం మీ చెమటతో సంపాదించి కట్టండి.

7. నష్టపోయినవారి వైపు తిరగండి.
అన్నిటికన్నా కష్టమైన అడుగు ఇదే. మీరు మోసపోయారు నిజమే. కానీ మీ చేతి మీదుగా ఇంకెవరైనా మోసపోయారా? అయితే మీ మాట ఇప్పుడు వాళ్లకు బాకీ. దీని గురించి చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

మాటను రెండుగా విడదీయడం నేర్చుకోండి

ప్రతిసారీ మాట మొత్తం కొట్టేయాల్సిన పని ఉండదు. ఒక చిన్న ఉదాహరణ.

ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసే అమ్మాయి. "మార్చి లెక్కలు ముగిసేదాకా మానను సార్" అని యజమానికి మాట ఇచ్చింది. జనవరిలో కొన్ని బిల్లులు రాయించారు. "సరుకు నేరుగా గోడౌన్ నుంచి వెళ్తుంది, నువ్వు బిల్లు రాసెయ్" అన్నారు. తర్వాత తెలిసింది, సరుకే లేదని. సరుకు కదలకుండా జీఎస్టీ బిల్లు రాయడం నేరం.

"వాళ్ల ఉప్పు తిన్నాను, మార్చి దాకా ఉంటానన్నాను" అని ఆమె మథనపడుతోంది. ఆమె ఇచ్చిన మాటలో నిజానికి రెండు ఉన్నాయి. నిజమైన లెక్కలు సరిగ్గా అప్పగించడం ఒకటి. యజమాని ఏది రాయమంటే అది రాయడం ఇంకొకటి. మొదటిదానికి కట్టుబడాలి: పుస్తకాలు సరిచూసి, రసీదులు ఫైల్ చేసి, తర్వాత వచ్చే మనిషికి అర్థమయ్యేలా అప్పగించాలి. రెండోదాన్ని ఆ రోజే ఆపాలి: "సార్, సరుకు వెళ్లిన కాగితం లేకుండా నేను బిల్లు రాయను." మార్చి దాకా ఉండాలంటే దొంగ బిల్లు రాయక తప్పదని యజమాని అంటే, ఆ గడువును తెంచింది ఆయనే.

జామీను సంతకంలోనూ ఇంతే. స్నేహితుడు అప్పు దేనికో అబద్ధం చెప్పి మీ చేత జామీను పెట్టించుకున్నాడు. ఆ అబద్ధంలో బ్యాంకుకు పాత్ర లేకపోతే, బ్యాంకుకు మీరు పెట్టిన సంతకం అంత తేలిగ్గా చెరగదు. స్నేహితుడితో తేల్చుకోవాల్సింది వేరు, బ్యాంకుకు కట్టాల్సింది వేరు. మిమ్మల్ని ఒకరు మోసం చేస్తే ఆ కోపంతో నిజాయితీగా ఉన్న ఇంకొకరికి ఎగ్గొట్టకూడదు.

మనం తరచూ చేసే తప్పులు

- "నిండా మునిగినవాడికి చలేమిటి" అనుకోవడం. ఇది నదిలో ఉన్నవాడి మాట కాదు, మనల్ని అందులో ఉంచాలనుకునేవాడి మాట. మోకాలి లోతులో ఉన్నా, మెడ లోతులో ఉన్నా ఒడ్డుకు వేసే అడుగు ఒకటే.

- పోయిన డబ్బు రాబట్టుకోవడానికి ఇంకొకర్ని దించడం. చైన్ సిస్టంలో ఇది రోజూ జరిగేదే. "నా యాభైవేలు వచ్చేదాకా ఇద్దర్ని చేర్పిస్తాను, ఆ తర్వాత మానేస్తాను." ఆ ఇద్దరూ ఇదే అనుకుంటారు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఇలాంటి స్కీములు నడిపేవాళ్లనే కాదు, వాటిలో చేరి పాలుపంచుకునేవాళ్లనూ తప్పుపడుతుంది.

- శల్యుడిలా రెండు వైపులా ఉండటం. లోపల ఉంటూనే పని చెడగొడతాను, ఎవరికీ చెడు కాకుండా చూస్తాను అనుకోవడం. బయటి నుంచి చూసేవారికి మీరు లోపలి మనిషే.

- ఇంట్లో చెప్పకపోవడం. నాన్న తిడతారని, పరువు పోతుందని దాస్తాం. బెదిరించేవాడి బలమంతా ఆ దాపరికంలోనే ఉంటుంది. ఇంట్లో ఒక్కరికి చెప్పినా ఆ బలం సగం తగ్గిపోతుంది.

- "నాకు తెలియదు కదా" దగ్గరే ఆగిపోవడం. తెలియక కాలేసినా బురద అంటుతుంది. తెలియక తొక్కినందుకు సిగ్గుపడనక్కర్లేదు, కాలు కడుక్కోవడం మాత్రం మన పనే.

చివరి అడుగు: పెద్దమ్మ ఇంటి అరుగు మీద

ఏడో అడుగు గురించి మళ్లీ మాట్లాడుకుందామన్నాను.

మీరు నమ్మిన స్కీములో మీ పెద్దమ్మ చేత నలభైవేలు కట్టించారనుకుందాం. గేదెను అమ్మిన డబ్బు అది. "మా వాడు చెప్పాడు" అని ఇంకేమీ అడక్కుండా ఇచ్చింది. ఇప్పుడు మీకు నిజం తెలుసు, ఆమెకు తెలియదు. పైనుండే లీడర్ అంటున్నాడు: "డౌన్‌లైన్‌కు ఏం చెప్పకు. టీమ్‌కు మాటిచ్చావు."

ఇక్కడ ఎన్ని మాటలున్నాయో చూడండి. లీడర్‌కు మీరు నోటితో మాట ఇచ్చారు. పెద్దమ్మకు ఏ మాటా ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. కానీ డబ్బు మూట విప్పినప్పుడు ఆమె నమ్మింది స్కీమును కాదు, మిమ్మల్ని. ఏది పెద్ద మాట?

వెళ్లండి. ఫోన్లో కాదు, మనిషిగా వెళ్లండి. కేసు నడుస్తుంటే లాయర్‌ని ఒకమాట అడిగి వెళ్లండి. అరుగు మీద కూర్చుని ఇలా చెప్పండి: "పెద్దమ్మా, నేను నమ్మాను, మోసపోయాను. నిన్నూ మోసపోయేలా చేశాను. ఇంకొక్క రూపాయి కట్టొద్దు. ఫిర్యాదు ఇద్దాం, నేను వెంట వస్తాను. నీ డబ్బులో నేను నెలకు ఇంత ఇవ్వగలను, వచ్చే నెల ఒకటో తారీఖున మొదటిది తెస్తాను."

అంతా ఒకేసారి ఇస్తానని మాత్రం అనకండి. ఆవేశంలో ఇచ్చిన మాట వల్లే ఇక్కడిదాకా వచ్చాం. నెలకు రెండువేలు ఇవ్వగలిగితే రెండువేలే చెప్పండి.

ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు, లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. ఆ కోపం న్యాయమైనదే, భరించండి. ఒకటో తారీఖున మళ్లీ వెళ్లండి. ఆ పై నెల కూడా వెళ్లండి.

అబద్ధం మీద ఎవరో మీ చేత ఇప్పించుకున్న మాట ఆ అబద్ధంతోనే పోయింది. అరుగు మీద కూర్చుని, అన్నీ తెలిసి, మీ అంతట మీరుగా ఇచ్చిన ఈ మాట వేరు. ఆవు పులికి ఇచ్చిన మాటలాంటిది ఇది. దీన్ని నిలబెట్టుకోండి.